బిట్‌లాకర్ రికవరీ నంబరును కాగితం మీద దాచుకోండి

విశాఖలో సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ల్యాప్‌టాప్ మదర్‌బోర్డులకు చిలుము పడుతుంది. ద్వారకానగర్‌లో నా రిపేరు బల్ల మీదికి అలాంటివి తరచూ వస్తాయి. బోర్డు మార్చడం పెద్ద పని కాదు. మార్చాక, డిస్కుకు తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ నీలి తెర మీద 48 అంకెల రికవరీ నంబరు అడిగితే మాత్రం చాలామంది తెల్లముఖం వేస్తారు.

డిస్కులోని సమాచారాన్ని గుప్తీకరించే కీని విండోస్ యాదృచ్ఛిక సంఖ్యలతో తయారు చేస్తుంది. మీ పాస్‌వర్డుతో దానికి సంబంధం లేదు. ఆ కీ డిస్కులోనే ఉంటుంది, కానీ మరో కీతో బంధించి ఉంటుంది. దాన్ని మామూలుగా విడిపించేది బోర్డు మీది టీపీఎం అనే భద్రతా చిప్పు. పాత బోర్డుతో పాటు చిప్పూ పోయింది కనుక ఇక రికవరీ నంబరే దిక్కు. అది ఎక్కడా దాచకపోతే మైక్రోసాఫ్ట్ కూడా ఆ డిస్కును తెరవలేదు. పిల్లల ఫోటోలు పోయి కంటతడి పెట్టినవాళ్లను చూశాను, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతుంటే ఆ ఖాతాలోని పరికరాల పేజీలో వెతకండి. మీకు తెలియకుండానే నంబరు అక్కడ చేరి ఉండవచ్చు. విండోస్ ప్రో అయితే కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ పేజీ నుంచి ప్రింటు తీసుకోవచ్చు. ఇంక్‌జెట్ ముద్ర తడికి పాకుతుంది. బాల్‌పెన్నుతో రాయడం నాకిష్టం. పక్కనే కీ ఐడీ, అంటే ఆ నంబరు గుర్తింపు కోడ్‌లోని మొదటి 8 అక్షరాలూ రాయండి, ఏ కంప్యూటరుదో తెలుస్తుంది.

రాసింది సరిచూసుకోండి. ఆరేసి అంకెల గుంపులు 8 ఉంటాయి. ఒక్కో గుంపు 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను 11తో గుణిస్తే వచ్చింది. అంటే ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా భాగం కావాలి. 135795 తీసుకోండి. ఒకటి విడిచి ఒకటిగా 1, 5, 9 కలిపితే 15. మిగిలిన 3, 7, 5 కలిపినా 15. తేడా సున్నా, లేదా 11, 22 వస్తే సరే. పొరపాటున 135705 అని రాస్తే తేడా 9 వస్తుంది, తప్పు దొరికిపోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బీచ్ వైపు ఇళ్లు ఎలా తడిశాయో గుర్తుంది కదా. ఒక నకలు ఇంట్లో, ఇంకొకటి బ్యాంకు లాకరులోనో అనకాపల్లిలోని బంధువుల దగ్గరో ఉంచండి. ల్యాప్‌టాప్ సంచిలో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు.

రిపేరు కోసం మాలాంటివాళ్లకు నంబరు చెప్పాల్సి వస్తే, ల్యాప్‌టాప్ ఇంటికి చేరాక బిట్‌లాకర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. కొత్త నంబరు వస్తుంది. దాన్ని రాసి, సరిచూసుకున్నాకే పాత కాగితాలు చింపండి.