బూజా, బూడిదా? మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

వానలు పట్టాక దోస, బీర, కాకర పాదుల మీద పసుపు మచ్చ కనబడితే చాలు, టెన్షన్‌తో ఏదో ఒక మందు కలిపేస్తుంటారు. దయచేసి తెల్లారేదాకా ఆగండి. బూజు తెగులు, బూడిద తెగులు పేర్లలో దగ్గరగా ఉన్నా వైద్యం వేరు. బూడిదను అణచే గంధకం బూజును ఏమీ చేయలేదు. బూజు తెగులు కలిగించేది అసలు సిసలు శిలీంధ్రం కూడా కాదు, నాచు జాతికి దగ్గరి చుట్టం.

మంచు ఆరకముందే వెళ్లి ముందుగా ముదురు ఆకులు చూడండి. దోసలో బూజు మచ్చ గుండ్రంగా ఉండదు. ఆకు నరాల దగ్గర ఆగిపోయి, గళ్లు గీసినట్టు మూలలు తేలి ఉంటుంది. ఆకు తిప్పితే సరిగ్గా ఆ మచ్చ వెనకే బూడిదరంగులో, కాస్త ఊదా కలిసిన పలచని నూగు. ఎండెక్కితే అది సరిగా కనబడదు, అందుకే పొద్దున్నే వెళ్లమంటున్నాను. మిగతా కొన్ని తీగజాతుల్లో మూలలు అంత స్పష్టంగా ఉండవు, అక్కడ నూగే ఆధారం.

బూడిద తెగులైతే పిండి చల్లినట్టు తెల్లటి పొడి. రుద్దితే వేలికి అంటుతుంది. కొన్ని గుమ్మడి రకాల ఆకులకు సహజంగానే తెల్ల మచ్చలుంటాయి, అవి ఎంత రుద్దినా పోవు. వాటికి మందు అక్కర్లేదు.

ఇంకా అనుమానముంటే ఆ ఆకును తడి దూదితో కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టి రాత్రంతా ఉంచండి. బూజైతే తెల్లారేసరికి ఆకు అడుగున నూగు లేస్తుంది.

15 నుంచి 20 డిగ్రీల చల్లదనం, గంటల తరబడి ఆకు తడి, ఈ రెండూ కలిస్తే బూజు దూసుకుపోతుంది. కాబట్టి సాయంత్రం పైనుంచి నీళ్లు చల్లకండి, తీగలు పైకి పాకించి గాలి ఆడనివ్వండి, తడి మీద పాదుల్లో తిరగకండి. మాంకోజెబ్ లాంటి బూజు మందులు తెగులు ముదరకముందు కొడితేనే కాపాడతాయి. గంధకం మండుటెండలో కొడితే తీగజాతి ఆకులు మాడిపోతాయి. మోతాదు, కోతకు ముందు ఆగాల్సిన రోజులు లేబుల్ చూసే పాటించండి.

మచ్చ కనబడిన పాదుకు గుడ్డపీలిక కట్టి, రెండు మూడు రోజులకు చుట్టుపక్కల పాదులతో కలిపి మళ్లీ చూడండి.