వడగళ్ళ కాలం రాకముందే: రూఫ్ డబ్బు రెండుసార్లు కట్టకుండా ఉండాలంటే

మార్చి దగ్గరపడిందంటే టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ వైపు ఉన్న మన ఇళ్ళల్లో వడగళ్ళ గుబులు మొదలవుతుంది. జూన్ దాకా అదే గుబులు. కారు గరాజ్‌లో పెట్టడం, ఇన్సూరెన్స్ పాలసీలో డిడక్టిబుల్ (మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) ఎంతుందో చూసుకోవడం అందరం చేస్తాం. కానీ వాన వెలిశాక వచ్చే ఇంకో దెబ్బ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. రూఫ్ వేసిన కాంట్రాక్టర్‌కి మీరు మొత్తం డబ్బు కట్టేసినా, అతను తనకి షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) ఇచ్చిన సప్లయర్‌కి బాకీ పడితే ఆ సప్లయర్ మీ ఇంటిమీద లీన్ (బాకీ కింద ఇంటిమీద రికార్డు చేయించే హక్కు) వేయవచ్చు.

నాకది లిటిల్ ఎల్మ్‌లో మేం అద్దెకిచ్చిన ఇంటి విషయంలో తెలిసొచ్చింది. వాట్సాప్ గ్రూపులో నలుగురు బాగుందన్న కంపెనీయే. 18,000 డాలర్లకి ఒప్పుకున్నారు. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తి చేశారు, మేకులు కూడా అయస్కాంతంతో ఏరుకుపోయారు. పని చూసి ముచ్చటేసి అక్కడే మొత్తానికి చెక్కు రాసిచ్చాను. మూడు వారాలకి సర్టిఫైడ్ మెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. నేనెప్పుడూ పేరు వినని ఒక మెటీరియల్ కంపెనీ, 6,200 డాలర్లు రావాలని రాసింది. వెనక పిన్ను కొట్టిన కాగితంలో మా ఇంటి అడ్రసు, డెలివరీ తేదీ, 96 బండిళ్ళ షింగిల్స్ లెక్క. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్ నిండిపోయిందన్న మాటే వినిపించింది. తర్వాత లీన్ కూడా వేశారు.

లాయర్ కాగితాలన్నీ చూసి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "నోటీసు రాకముందు కట్టిన డబ్బుకి మీది బాధ్యత కాదు. కానీ కాంట్రాక్టు మొత్తంలో పది శాతం, పని పూర్తయ్యాక ముప్ఫై రోజులు ఆపి ఉంచమని చట్టం చెప్పింది, మీరు ఆపలేదు. ఆ పది శాతం వరకు మీదే." అంటే 1,800 డాలర్లు రెండోసారి కట్టాం, లాయర్ ఫీజు అదనం. ఆ రోజు సాయంత్రం చెక్కు 16,200కి రాసి ఉంటే ఈ డబ్బు మా చెయ్యి దాటేది కాదు.

మనవాళ్ళు దీంట్లో తేలిగ్గా పడటానికి కారణం ఉంది. ఊళ్ళో ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు కొట్టుకి మేస్త్రీ బాకీ పడితే కొట్టాయన మేస్త్రీని పట్టుకుంటాడు. మహా అయితే మన గుమ్మం ముందుకొచ్చి గట్టిగా అరుస్తాడు. అంతేగాని మన ఇంటి ఈసీలో ఆయన బాకీ ఎక్కదు. టెక్సాస్‌లో అలా కాదు. సరుకు ఇంట్లో కలిసిపోయింది, దాన్ని పీకి తీసుకుపోలేరు కాబట్టి ఇచ్చినవాడికి ఆ ఇంటిమీదే హక్కు ఉంటుందన్నది ఇక్కడి చట్టం. ప్రాపర్టీ కోడ్ 53వ అధ్యాయంలో ఇదంతా ఉంది. మీకు, ఆ సప్లయర్‌కి మధ్య ఒక్క మాట, ఒక్క సంతకం లేకపోయినా సరే.

రూఫర్లు షింగిల్స్ అరువు మీద తెచ్చుకుంటారు. వడగళ్ళు పడ్డ వారంలో ఒక్కో కంపెనీ చేతికి పదుల ఇళ్ళు వస్తాయి. మీరిచ్చిన ఇన్సూరెన్స్ చెక్కుతో అంతకుముందు ఇంటి బాకీ తీర్చి, మీ ఇంటి బాకీ తర్వాతి ఇంటి డబ్బుతో తీర్చొచ్చనుకునేవాళ్ళు ఉంటారు. పని ఆగిన రోజు గొలుసు తెగుతుంది. ఒక ఇంటి కోసం ఇచ్చిన డబ్బు ఆ ఇంటి పనికే వాడాలని, ఉద్దేశపూర్వకంగా మళ్ళిస్తే నేరమని అదే ప్రాపర్టీ కోడ్ 162వ అధ్యాయం చెబుతుంది. కానీ కంపెనీ మూసేసి వెళ్ళిపోయినవాడి మీద కేసు గెలిచినా మన డబ్బు తిరిగి రావడం కష్టం.

అందుకే జాగ్రత్త సంతకం పెట్టకముందు మొదలవ్వాలి. టెక్సాస్‌లో రూఫర్లకి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ అంటూ లేదు. కాబట్టి తలుపు కొట్టినవాడు "మేం లైసెన్స్‌డ్" అంటే ఆ మాటకి విలువ ఇవ్వకండి. ట్యాబ్లెట్ చూపించి "ఇన్‌స్పెక్షన్ కోసమే" అని వేలితో సంతకం అడుగుతారు. చాలాసార్లు అది ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే పని వాళ్ళకే ఇస్తామన్న ఒప్పందం. కాగితం తీసుకుని ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోండి. "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అన్నవాణ్ణి అక్కడికక్కడే పంపించేయండి. 2019 సెప్టెంబర్ 1 నుంచి అది టెక్సాస్‌లో నేరం. పైగా నా ఉద్దేశంలో, మూడు నాలుగు వేలు వదులుకుంటానన్నవాడు ఆ లోటు ఎక్కడో పూడ్చుకోవాలి, ముందుగా ఎగ్గొట్టేది సప్లయర్ బిల్లే.

మీరు ఉంటున్న ఇల్లయితే, పని మొదలుపెట్టకముందే ఏ సబ్‌కాంట్రాక్టర్లు, ఏ సప్లయర్లు పనిచేస్తారో పేర్లు, ఫోన్ నంబర్లతో జాబితా ఇవ్వాల్సిన బాధ్యత కాంట్రాక్టర్‌దే. అయితే "ఆ జాబితా నాకు అక్కర్లేదు" అని మీరు సంతకం పెట్టేందుకు చట్టంలో వీలుంది, చాలా కాంట్రాక్టుల్లో ఆ వాక్యం చివర్లో ఉంటుంది. దాన్ని కొట్టేసి పక్కన ఇనీషియల్స్ వేయండి. ఒప్పుకోకపోతే ఆ కంపెనీ వద్దు. పది శాతం ముప్ఫై రోజులు ఆపుతామన్న మాట కూడా కాంట్రాక్టులోనే రాయించండి. పని అయిపోయిన సాయంత్రం, మెట్ల మీద నిలబడి చెమటలు కక్కుతున్న మనిషితో ఆ మాట అనడానికి నోరు రాదు. నాకూ రాలేదు.

ఇక సరుకు వచ్చే రోజు. క్రేన్ ఉన్న లారీ వచ్చి బండిళ్ళు నేరుగా రూఫ్ మీదకి ఎక్కిస్తుంది. ఆ డ్రైవర్ దగ్గర డెలివరీ టికెట్ ఉంటుంది. పైన సప్లయర్ బ్రాంచి పేరు, కింద మీ అడ్రసు, ఎన్ని బండిళ్ళు, షింగిల్స్ కింద పరిచే అండర్‌లేమెంట్ రోల్స్ ఎన్ని. ఆ టికెట్‌కి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మీరు ఆఫీసులో ఉంటే ఇంట్లోవాళ్ళకో పక్కింటివాళ్ళకో చెప్పి తీయించండి. అద్దె ఇల్లయితే అద్దెకున్నవాళ్ళని అడగండి, అది చిన్న సాయమే. చెక్కు రాసేముందు ఆ బ్రాంచికి ఫోన్ చేసి, క్రెడిట్ విభాగంలో మీ అడ్రసు చెప్పి, ఈ ఇంటి సరుకు బిల్లు కట్టారా అని అడగండి. ఇంకా కట్టలేదంటే సరుకు బిల్లు మేరకు కాంట్రాక్టర్, సప్లయర్ ఇద్దరి పేర్ల మీద జాయింట్ చెక్ ఇవ్వవచ్చు. ఇద్దరి సంతకాలూ లేనిదే అది మారదు.

లీన్ వెయివర్ (లీన్ హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం) గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, పొరపాట్లు ఇక్కడే ఎక్కువ. టెక్సాస్‌లో వీటికి చట్టమే నమూనాలు రాసిపెట్టింది. 2022 జనవరి 1 తర్వాతి కాంట్రాక్టులకి నోటరీ కూడా అక్కర్లేదు, కాబట్టి "నోటరీ దొరకలేదు" అన్న సాకు చెల్లదు. కండిషనల్ వెయివర్ అంటే "ఫలానా మొత్తం నాకు చేరితే నా హక్కు వదులుకుంటాను" అని. చెక్కు ఇచ్చేటప్పుడు ఇది తీసుకోవాలి. అన్‌కండిషనల్ అంటే "డబ్బు ముట్టింది, హక్కు వదులుకున్నాను" అని. చెక్కు క్లియర్ అయ్యాక ఇది తీసుకోవాలి. కాంట్రాక్టర్ ఒక్కడి వెయివర్ చాలదు. అతను వదులుకునేది అతని హక్కు మాత్రమే. షింగిల్స్ సప్లయర్‌ది, పని చేసిన క్రూది విడివిడిగా కావాలి.

ఆఖరి చెల్లింపు దగ్గర, మీరు ఉంటున్న ఇంటికి, అందరి బిల్లులూ కట్టేశానని కాంట్రాక్టర్ ప్రమాణపత్రం ఇవ్వాలి. తెలిసి అబద్ధం రాస్తే 4,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. మంచి కంపెనీలు అడిగిన వెంటనే ఇస్తాయి, నసిగేవాళ్ళ దగ్గర చెక్కు బుక్ మూసేయండి.

రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మీరు నివసించే ఇంటికి టెక్సాస్ రాజ్యాంగమే హోమ్‌స్టెడ్ రక్షణ ఇచ్చింది. రాతపూర్వక కాంట్రాక్టు, భార్యాభర్తలిద్దరి సమ్మతి లాంటి షరతులు లేకుండా పాత రూఫ్ మార్చిన పనికి లీన్ నిలవదు. అద్దె ఇంటికి ఆ కవచం లేదు. జాబితా, ప్రమాణపత్రం నిబంధనలు కూడా యజమాని ఉండే ఇళ్ళకే. అద్దె ఇంటి విషయంలో ఇవన్నీ మీరే కాంట్రాక్టులో రాయించుకోవాలి.

హోమ్‌స్టెడ్ ఉంది కదా అని నిబ్బరంగా ఉండటానికీ లేదు. కౌంటీ క్లర్క్ ఆఫీసు లీన్ చెల్లుతుందా లేదా అని విచారించదు, ఇచ్చిన కాగితాన్ని రికార్డు చేస్తుంది. మీరు రీఫైనాన్స్‌కి వెళ్ళినప్పుడో ఇల్లు అమ్మేటప్పుడో ఇంటి హక్కు పత్రాలు పరిశీలించే టైటిల్ కంపెనీ దాన్ని చూసి క్లోజింగ్ (ఆఖరి సంతకాలు) ఆపుతుంది. చెల్లని లీన్ తీయించడానికి కోర్టులో త్వరగా తేలే మార్గం ఒకటి ఉంది. దానికీ లాయర్ కావాలి.

నోటీసు వచ్చిందనుకోండి. అది స్కామ్ అనుకుని పక్కన పడేయకండి. పోస్టాఫీసు నుంచి సర్టిఫైడ్ మెయిల్ చీటీ తలుపుకి అంటించి ఉంటే ఆ రోజే వెళ్ళి తెచ్చుకోండి. నోటీసు అందిన క్షణం నుంచి అందులో ఉన్న మొత్తం మేరకు కాంట్రాక్టర్‌కి చెల్లింపు ఆపండి. ఇన్సూరెన్స్ డబ్బు మార్ట్‌గేజ్ కంపెనీ దగ్గర ఉంటే వాళ్ళకి కాపీ పంపి ఆపమని రాతలో చెప్పండి. నోటీసు అందిన తర్వాత కూడా కట్టుకుంటూ పోతే ఆ డబ్బుకి మీరు బాధ్యులవుతారు. నోటీసుకి ముందు, తర్వాత అన్న తేడాలో వేల డాలర్లు ఉంటాయి.

తేదీలు కూడా లెక్కేసుకోండి. మీరు ఉంటున్న ఇంటి పనుల్లో సరుకిచ్చిన నెల తర్వాత రెండో నెల 15లోగా నోటీసు, మూడో నెల 15లోగా లీన్ రికార్డు కావాలి. ఏప్రిల్‌లో సరుకు దిగితే నోటీసుకి జూన్ 15, లీన్‌కి జూలై 15. గడువు దాటి వచ్చిందేమో చూడకుండా భయంతో చెక్కు రాయకండి. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో ఉన్న బంధువులకి ఇది పంపేటప్పుడు, ఈ లెక్కలు టెక్సాస్‌కి మాత్రమేనని చెప్పండి.

బాకీ తేలాక లీన్ దానంతటదే రికార్డులోంచి పోదు. మీరు రాతలో అడిగిన పది రోజుల్లో సప్లయర్ రిలీజ్ ఇవ్వాలి. దాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయించే పని మీరే చూసుకోండి. ఫ్రిస్కోలో కొన్ని వీధులు కాలిన్ కౌంటీలో, కొన్ని డెంటన్‌లో పడతాయి. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో ముందు చూడండి. రికార్డయ్యాక కౌంటీ సైట్‌లో మీ పేరుతో వెతికి, లీన్ కింద రిలీజ్ కనిపించేదాకా ఆ ఫైలు మూయకండి.