చిన్న కేసు, మూతపడని పలక

మినీ ఐటీఎక్స్ అనే చిన్న రకం మదర్‌బోర్డు (భాగాలన్నీ గుచ్చే ప్రధాన బోర్డు) 170 మిల్లీమీటర్ల చదరం. అంత చిన్న బోర్డుతో కంప్యూటర్ కూర్చుకోవాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. తెరపై బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు పొడవు, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎత్తు, భాగాలన్నీ పట్టే డబ్బా అయిన కేసు కొలతలతో సరిచూసుకునే కొన్నాను. తీరా అన్నీ బిగించాక పక్క పలక మూతపడలేదు, వేలెడంత సందు మిగిలింది.

అడ్డుపడింది కార్డు కాదు, దానికి గుచ్చిన కరెంటు కేబుల్. కార్డు వెడల్పు దాని వివరాల్లో రాసి ఉంటుంది కానీ, కేబుల్ వంపు తిరగడానికి కావలసిన చోటు అందులో కలవదు. పలకను గట్టిగా నొక్కితే మూసుకునేదే. కానీ కనెక్టరు మొదట్లోనే తీగలు అలా వంగితే పిన్నులు సరిగా ఆనక వేడెక్కవచ్చు. ఆ పని చేయడానికి నాకు మనసొప్పలేదు.

మందపాటి కేబుల్ తీసేసి, నా పవర్ సప్లైకే (భాగాలకు కరెంటు అందించే యూనిట్) సరిపడే మెత్తని కేబుల్ తెప్పించాను. ఇక్కడ చాలా జాగ్రత్త అవసరం. వేరే పవర్ సప్లై కేబుల్ చూడటానికి ఒకేలా ఉండి, గుచ్చితే పట్టేస్తుంది కూడా. కానీ లోపల తీగల వరుస వేరైతే భాగాలు కాలిపోవచ్చు.

రెండోసారి క్రమం మార్చాను. బోర్డు వెనుక ఉండే ఎస్‌ఎస్‌డీని (ఫైళ్లు దాచే డ్రైవ్) బోర్డును కేసులో పెట్టకముందే, బయటే బిగించాను. ప్రాసెసర్ కరెంటు కేబుల్‌ను కూలర్ కంటే ముందే గుచ్చాను, తర్వాత అక్కడికి వేలు దూరదు. కార్డును అన్నిటికంటే చివర పెట్టాను. ఈసారి పలక ఒక్క చేత్తో, ఏ ఒత్తిడీ లేకుండా మూసుకుంది.