పిడుగులకు భయపడి పీకేసిన ఇంటర్నెట్‌ను మళ్లీ రప్పించుకోవడం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వేసవి సాయంత్రాల్లో ఆకాశం నల్లబడి ఉరుములు మొదలైతే, టీవీ, ఫ్రిజ్‌లతో పాటు మోడెం, రౌటరు అనే ఇంటర్నెట్ పెట్టెల ప్లగ్గులు కూడా పీకేయడం ఇళ్లన్నింటా ఉన్న అలవాటే. ఒడియావారు కాలవైశాఖి అని పిలిచే ఆ గాలివానల్లో ఈ జాగ్రత్త అవసరమైనదే. చిక్కంతా మరునాడు ఉదయం వస్తుంది: అన్నీ తిరిగి పెట్టినా దీపాలు వెలుగుతాయి గాని నెట్ రాదు.

పీకేటప్పుడు చేసే పొరపాటు ఒకటి ముందుగా చెప్పాలి. పిడుగుపాటు వల్ల మోడెం చెడిపోయేది ఎక్కువగా కరెంటు తీగ ద్వారా, కొన్నిసార్లు పెట్టెలను కలిపే రాగి లాన్ కేబుల్ ద్వారా. ఫైబర్‌లో ప్రవహించేది కాంతి. దాని గాజు పోగులో విద్యుత్తు పారదు. అందువల్ల సాకెట్టు నుంచి అడాప్టరును, రెండు పెట్టెల నడుమ ఉన్న లాన్ కేబుల్‌ను తీస్తే చాలు, ఆకుపచ్చ లేదా నీలం కొన ఉన్న సన్నని ఫైబర్ తీగను ముట్టుకోనక్కరలేదు. దాన్ని ఊడదీసి బల్ల మీద పడేస్తే కొనకు దుమ్ము పట్టి, మర్నాడు తిరిగి గుచ్చినా సిగ్నల్ బలహీనపడుతుంది. ఇప్పటికే తీసి ఉంటే, కొనను వేలితో తుడవకుండా, దానిలోకి కంటితో చూడకుండా, టక్కుమనే శబ్దం వచ్చేదాకా నేరుగా లోపలికి నెట్టాలి.

తిరిగి పెట్టేటప్పుడు సిగ్నల్ వచ్చే వరుసనే పాటించాలి. మొదట ఫైబర్ వచ్చి చేరే పెట్టెకు, అంటే మనం మోడెం అని పిలిచే ఓఎన్‌టీకి, ఒక్కదానికే కరెంటు ఇచ్చి రెండు మూడు నిమిషాలు ఆగాలి. అది కుదురుకున్న తరువాతే వైఫై ఇచ్చే రౌటరును వేయాలి. రెండూ ఒకే పెట్టెలో ఉన్నవారికి ఈ వరుసతో పని లేదు గాని, ఆగడం మాత్రం వారికీ తప్పదు. తొందరపడి రెండు నిమిషాలకోసారి స్విచ్చు ఆర్పి వేస్తుంటే లాగిన్ మొదటికి వస్తుంది. పైగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లతో నడిచే కనెక్షన్లలో పాత సెషన్ ఇంకా తెరిచే ఉందని అవతలి సర్వరు అనుకుంటే కొంతసేపు కొత్త లాగిన్‌ను ఒప్పుకోదు. అందుకే ఒకసారి పూర్తిగా ఆర్పి, పది నిమిషాలు వదిలేసి, అప్పుడు వేయడమే మంచిది.

ఆ తరువాత మోడెం మీది దీపాలను చదవాలి. ‘పాన్’ (PON) అన్న దీపం మినుకుమినుకుమంటుంటే పెట్టె ఇంకా నమోదు అవుతున్నదని, నిలకడగా వెలిగితే నమోదు ముగిసిందని అర్థం. ‘ఎల్‌ఓఎస్’ దగ్గర ఎర్రదీపం వెలుగుతుంటే లోపలికి కాంతి సరిగా రావడం లేదు. గాలికి కొమ్మ విరిగి వీధి తీగ మీద పడి ఉండవచ్చు, ఆపరేటరు గదిలో కరెంటు లేకపోవచ్చు, లేదా ఇంట్లోనే తీగ బీరువా కాలి కింద నలిగి ఉండవచ్చు. మొదటి రెండూ మన చేతిలో లేనివి, మూడోది మాత్రం వెంటనే చూడవలసినది. ఫైబర్‌ను టీ గ్లాసు మూతి కంటే చిన్న చుట్టగా చుట్టకుండా, మేకుకు మడిచి వేలాడదీయకుండా వదులుగా ఉంచాలి.

దీపాలే సరిగా నిలవకపోతే అడాప్టరును అనుమానించాలి. గత ఏడాది మా ఇంట్లో రౌటరు వైఫై దీపం వెలిగిన మరుక్షణం ఆరిపోయి, మళ్లీ మొదటినుంచి లేవడం గంటసేపు సాగింది. లో వోల్టేజి అనుకుని విద్యుత్ శాఖను తిట్టుకున్నాను గాని, ఇలాంటి అడాప్టర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి. తీరా చూస్తే చీకట్లో సెట్‌టాప్ బాక్సు అడాప్టరును రౌటరుకు గుచ్చాను. రెండింటికీ 12 వోల్టులే, పిన్నూ సరిపోయింది; కాని రౌటరుకు 1.5 ఆంపియర్లు కావాలి, ఆ అడాప్టరు మీద 0.5 అని ఉంది. అప్పటినుంచి ప్రతి అడాప్టరు మీదా తెల్ల టేపు అంటించి పేరు రాసి ఉంచాను.

మోడెం దీపాలు బాగున్నా నెట్ లేకపోతే కేబుల్ ఏ రంధ్రంలో ఉందో చూడాలి. మోడెం నుంచి వచ్చే లాన్ కేబుల్ రౌటరు వెనుక ‘వాన్’ (WAN) అని రాసి ఉన్న, తరచుగా వేరే రంగులో ఉండే రంధ్రంలోకే వెళ్లాలి. తరువాత ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, వైఫైకి కలిపి, రౌటరు అడుగున ముద్రించి ఉన్న చిరునామాను, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1ను, బ్రౌజర్లో తెరవాలి. ఇంటర్నెట్ లేకపోయినా ఆ పేజీ తెరుచుకుంటుంది. అది తెరుచుకుని, వాన్ స్థితి దగ్గర 0.0.0.0 అని ఉంటే ఇంట్లోని వైఫైలో దోషం లేదు, బయటినుంచి చిరునామా రావడం లేదు. అప్పుడు కేబుల్‌ను, లాగిన్‌ను మరోసారి సరిచూసి, ప్లాన్ గడువు ముగిసిందేమో కూడా చూడాలి. తుఫాను హడావుడిలో రీచార్జి మరిచిపోయేవారు తక్కువేమీ కాదు.

ఏది ఏమైనా వెనుక సన్నని రంధ్రంలోని రీసెట్ మీటను పిన్నుతో నొక్కవద్దు. స్విచ్చు ఆర్పి వేయడం వేరు, రీసెట్ వేరు. దాన్ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో సహా సెట్టింగులన్నీ చెరిగిపోయి, అంతదాకా లేని కొత్త పని లైన్‌మన్‌కు తగులుతుంది.

ఎర్రదీపం అరగంటైనా పోకపోతే ఆపరేటరుకు చెప్పడమే మార్గం. “నెట్ పనిచేయడం లేదు” అంటే ఫోన్‌లోనే మోడెం ఆర్పి వేయమంటారు. ఏ దీపం ఏ రంగులో ఉందో చెబితే లైన్‌మన్ తీగ అతికే సరంజామాతోనే బయలుదేరతాడు. లైన్‌మన్‌కు తెలుగు రాకపోతే ఒడియాలో “నెట్ ఆసునాహిఁ, లాల్ లైట్ జళుఛి” (నెట్ రావడం లేదు, ఎర్రదీపం వెలుగుతోంది) అన్న రెండు ముక్కలు చాలు. దానితో పాటు దీపాలు కనిపించేలా మోడెం ఫోటో ఒకటి పంపితే ఆ మాటలూ అక్కరలేదు.