సొంత సర్వర్‌లో సెంట్రీ మొరాయిస్తుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

సెంట్రీ లాంటి ఎర్రర్ ట్రాకర్‌ను (అప్లికేషన్లలో వచ్చే ఎర్రర్లను పోగుచేసి చూపే టూల్‌ను) సొంత సర్వర్‌లో పెట్టుకోవాలా, డబ్బు కట్టి క్లౌడ్‌లో వాడుకోవాలా? ఈ వాదనలో సెల్ఫ్ హోస్టింగ్ వైపు వినిపించే మాటలు రెండు: డేటా మన దగ్గరే ఉంటుంది, బిల్లు తగ్గుతుంది. రెండూ నిజమే. కానీ దాన్ని రోజూ నడిపేది ఎవరన్న సంగతి మాట్లాడకుండానే చాలా టీములు ఇన్‌స్టాల్ చేసేస్తాయి. ఆ తర్వాత ఎదురయ్యే చిక్కులు ఇవి.

కంటెయినర్లు పడుతూ లేస్తూ ఉంటాయి

సెంట్రీలోని ఒక్కో భాగం ఒక్కో కంటెయినర్‌లో విడిగా నడుస్తుంది. అవి పడిపోతే దాదాపు ఎప్పుడూ కారణం ర్యామే. వెర్షన్ 9 దాకా సెంట్రీకి ప్రధానంగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెడిస్ (తాత్కాలిక డేటా స్టోర్) ఉంటే సరిపోయేది. వెర్షన్ 10 నుంచి కాఫ్కా (మెసేజ్‌ల క్యూ), క్లిక్‌హౌస్ (విశ్లేషణకు వాడే డేటాబేస్), స్నూబా (సెంట్రీకి, క్లిక్‌హౌస్‌కి మధ్య నడిచే సర్వీస్) వచ్చి చేరాయి. ఇప్పుడు కనీసం 4 కోర్లు, 16 జీబీ ర్యామ్ కావాలని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతోంది. పడిపోయిన కంటెయినర్ ఎగ్జిట్ కోడ్ 137 అని ఉంటే, మెమరీ చాలక కెర్నలే దాన్ని చంపేసి ఉండే అవకాశం ఎక్కువ. కెర్నల్ లాగ్ చూస్తే తేలిపోతుంది. ర్యామ్ పెంచండి, స్వాప్ కూడా ఇవ్వండి. పెర్ఫార్మెన్స్ ట్రేసింగ్, సెషన్ రీప్లే మీకు అక్కర్లేదనుకుంటే ఎర్రర్స్-ఓన్లీ ప్రొఫైల్‌తో నడపండి, కంటెయినర్ల సంఖ్య బాగా తగ్గుతుంది.

లాగిన్ అవుతుంది, పాత ఎర్రర్లు కనిపిస్తాయి, కొత్తవి మాత్రం రావు

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. అంతా బాగున్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు.

ముందు అప్లికేషన్ వైపు చూడండి. డీఎస్ఎన్ (ఎర్రర్లు ఎక్కడికి పంపాలో చెప్పే చిరునామా) సరిగ్గా ఉందా? కావాలని ఒక ఎర్రర్ పంపితే సర్వర్ దాకా చేరుతోందా? బ్రౌజర్ నుంచి వచ్చేవి మాత్రమే ఆగిపోతే యాడ్ బ్లాకర్‌ను అనుమానించండి. ఎస్‌డీకేలోని (అప్లికేషన్‌లో చేర్చే సెంట్రీ లైబ్రరీలోని) టనెల్ ఆప్షన్‌తో మీ డొమైన్ మీదుగానే పంపితే ఆ అడ్డు చాలావరకు తొలగుతుంది.

అక్కడ అంతా బాగుంటే కన్స్యూమర్ల (కాఫ్కా నుంచి ఎర్రర్లను చదివే ప్రోగ్రాముల) లాగ్ తెరవండి. ఆఫ్‌సెట్ అవుట్ ఆఫ్ రేంజ్ అనే మాట కనిపిస్తే కారణం దొరికినట్టే. కన్స్యూమర్ కాఫ్కాలో ఎక్కడిదాకా చదివిందో ఒక గుర్తు (ఆఫ్‌సెట్) పెట్టుకుంటుంది. సెల్ఫ్ హోస్ట్ సెటప్‌లో కాఫ్కా మెసేజ్‌లను డిఫాల్ట్‌గా 24 గంటలే ఉంచుతుంది. కన్స్యూమర్ రెండు రోజులు పడిపోయి లేచిందనుకోండి, గుర్తు పెట్టుకున్న పేజీ పుస్తకంలో ఉండదు. చదవడానికి చోటు తెలియక మళ్లీ మళ్లీ పడిపోతుంది.

కన్స్యూమర్లను ఆపి, కాఫ్కాతో వచ్చే కన్స్యూమర్ గ్రూప్స్ టూల్‌తో ఆ గ్రూప్ ఆఫ్‌సెట్‌ను లేటెస్ట్‌కి రీసెట్ చేసి, తిరిగి స్టార్ట్ చేయండి. గ్రూప్ ఆగకుండా రీసెట్ చేయబోతే టూల్ ఒప్పుకోదు. క్యూలో మిగిలిన ఎర్రర్లు కూడా దీంతో పోతాయి. అవి కావాలంటే లేటెస్ట్ బదులు ఎర్లియెస్ట్‌కి పెట్టండి. ఈ మాట టీమ్‌కి ముందే చెప్పి చేయండి.

మా టీమ్‌లో ఒకసారి రెండు రోజులు ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కొత్త రిలీజ్ బాగా కుదిరిందని అందరం అనుకున్నాం. ట్రాకర్, అప్లికేషన్ రెండూ ఒకే సర్వర్‌లో ఉండేవి. డిస్క్ నిండిపోయింది, రెండూ ఒకేసారి కుంటుపడ్డాయి, చెప్పాల్సిన ట్రాకర్ చెప్పలేకపోయింది. యూజర్లు ఫోన్ చేస్తే గానీ మాకు తెలియలేదు. అప్పటినుంచి ట్రాకర్‌ను వేరే మెషిన్‌లోనే పెడుతున్నాం. రోజుకోసారి ఒక టెస్ట్ ఎర్రర్ పంపి, అది చేరిందో లేదో బయటినుంచి చూసే చిన్న స్క్రిప్ట్ కూడా ఉంది. ఇంకేం చేయకపోయినా ఇది మాత్రం చేయండి.

డిస్క్ నిండిపోతుంది, క్లీనప్ నడిపినా ఖాళీ అవదు

పోస్ట్‌గ్రెస్‌లో నోడ్‌స్టోర్ టేబుల్ సైజు చూడండి. చాలా సెటప్‌లలో ప్రతి ఎర్రర్ పూర్తి వివరం చేరేది అందులోనే. క్లీనప్ వరుసలను తుడిచేస్తుంది కానీ పోస్ట్‌గ్రెస్ ఆ చోటును డిస్క్‌కి తిరిగివ్వదు, తన దగ్గరే ఉంచుకుని మళ్లీ వాడుకుంటుంది. వాక్యూమ్ ఫుల్ అనే కమాండ్ నడిపితే తిరిగిస్తుంది. అయితే అది టేబుల్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది కాబట్టి అంత ఖాళీ ముందే ఉండాలి, అయ్యేదాకా టేబుల్ లాక్ అయి ఉంటుంది. పీజీ-రీప్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ ఎక్కువసేపు లాక్ చేయదు, చోటు మాత్రం దానికీ కావాలి. కాబట్టి డిస్క్ 70 శాతం దాటగానే అలర్ట్ పెట్టుకోండి, 100కి చేరాక చేతులు కట్టేసినట్టే.

సెంట్రీ డిఫాల్ట్‌గా ఎర్రర్లను 90 రోజులు దాస్తుంది. 30 చాలని నా అభిప్రాయం. లూప్‌లో పడి వేలసార్లు వచ్చే ఒకే ఎర్రర్‌ను ఎస్‌డీకే దగ్గరే, పంపే ముందు నడిచే బిఫోర్-సెండ్ ఫంక్షన్‌లో ఆపేయండి.

అప్‌గ్రేడ్ మధ్యలో విఫలమవుతుంది

చాలా పాత వెర్షన్ నుంచి నేరుగా కొత్తదానికి దూకారన్నమాట. 9.1.2, 21.5.0, 23.6.2 లాంటి కొన్ని వెర్షన్ల దగ్గర తప్పనిసరిగా ఆగి వెళ్లాలి. బ్యాకప్ రీస్టోర్ చేసి, ఆ మెట్లు ఎక్కుతూ రండి.

ఎంత బాగుచేసినా మళ్లీ ఏదో ఒకటి వస్తుంది

ఇక్కడ తప్పు సెట్టింగ్‌లో లేదు. ఎర్రర్ల జాబితా ఒక్కటే కావాల్సిన టీమ్‌కి ఇంత యంత్రాంగం అక్కర్లేదు. "ఓపెన్ సోర్స్ కదా" అనే మొహమాటం కూడా వద్దు. సెంట్రీ 2019లో బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ వదిలేసింది, 2023 నుంచి ఎఫ్ఎస్ఎల్ (ఫంక్షనల్ సోర్స్ లైసెన్స్) కింద ఉంది. సొంత పనికి వాడుకోవడానికి అడ్డేమీ లేదు, ప్రతి వెర్షన్ రెండేళ్లకు పూర్తి ఓపెన్ సోర్స్ అవుతుంది. లైసెన్సే ముఖ్యమనుకుంటే ఎంఐటీ లైసెన్స్‌తో గ్లిచ్‌టిప్ అనే ఎర్రర్ ట్రాకర్ ఉంది. సెంట్రీ ఎస్‌డీకేలే దానికీ పనిచేస్తాయి, పోస్ట్‌గ్రెస్ మీద చిన్న సర్వర్‌లో నడుస్తుంది. కాఫ్కా, క్లిక్‌హౌస్ అవసరం లేదు.

డేటా బయటికి వెళ్లకూడదన్న నిబంధన ఉండి, సర్వర్ చూసుకునే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించి ఉంటే సెంట్రీని సొంతంగానే నడపండి. ఆ మనిషి లేకపోతే చిన్న టూల్‌కో క్లౌడ్‌కో మారండి. మారేటప్పుడు డీఎస్ఎన్ మార్చి కొత్త ఎర్రర్లను అటు మళ్లించండి. పాత సర్వర్‌ను మాత్రం వెంటనే ఆపకండి, దానిలోని చివరి ఎర్రర్ గడువు తీరేదాకా చూసుకోవడానికి ఉంచి, ఆ తర్వాత ఆపేయండి.