ఎండలు ముదరకముందే: అక్వేరియం క్యాట్‌ఫిష్‌ల కొట్లాటలు, గాయాలు

శివరాత్రి దాటిందంటే మన సీమలో ట్యాంకు నీళ్లు వేడెక్కడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో 32, 33 డిగ్రీలకు చేరడం మామూలే. చలికాలమంతా కదలకుండా పడున్న సక్కర్లు (నోటితో అద్దానికి అతుక్కునే క్యాట్‌ఫిష్‌లు) అప్పుడు రాత్రిళ్లు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. పొద్దున లేచి చూస్తే ఒకదాని తోక చీలి ఉంటుంది, ఇంకోదాని తల మీద చర్మం లేచిపోయి ఉంటుంది. కంగారుగా షాపుకు పోతే ఏదో ఒక రంగు మందు సీసా చేతిలో పెడతారు. నన్నడిగితే క్యాట్‌ఫిష్‌కు ఆ దెబ్బ కంటే, ఆ తర్వాత మనం పోసే మందే ఎక్కువ ప్రమాదం. అందుకే ఫిబ్రవరి చివరికల్లా చేసుకోవాల్సిన పనులు చెబుతున్నాను.

ముందు కొట్లాట ఎందుకొస్తుందో చూద్దాం. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. నీళ్లు వేడెక్కితే ఆకలి, హుషారు, జత కట్టాలనే తొందర అన్నీ పెరుగుతాయి. అదే సమయంలో నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు పట్టే నీరు, 35 దగ్గర 7 కూడా పట్టలేదు. పైగా నీళ్లు ఆవిరైపోయి ట్యాంకు మట్టం దిగుతుంది. ఉన్న చోటు తగ్గి, ఉన్నవాటికి చిరాకు పెరిగితే ఇంకేముంటుంది? సక్కర్లలో బ్రిసిల్‌నోస్ అనే రకం మగవి అయితే గుహ కోసం గట్టిగానే కొట్టుకుంటాయి. రెండడుగుల ట్యాంకులో రెండు మగవాటిని ఉంచుకుని శాంతి కోరుకోవడం దండగ.

గుహల విషయంలో పిసినారితనం వద్దు. ఎన్ని సక్కర్లుంటే అన్ని గుహలు, పైన ఇంకొకటి ఉండాలి. పీవీసీ పైపు ముక్కలు, పగిలిన మట్టికుండ పెంకులు, కొబ్బరిచిప్పలు చాలు. అంచులు అరగదీయండి. ఒకదాని నోరు ఇంకోదానికి ఎదురుగా లేకుండా పెట్టండి. మన దగ్గర చవగ్గా దొరుకుతుందని కడప బండ ముక్కలో, బేతంచెర్ల రాయో వేసేవాళ్లున్నారు. అవి సున్నపురాళ్లు. ఆర్వో నీళ్లలాంటి మెత్తటి నీటిలో మెల్లగా కరిగి నీటి గట్టిదనాన్ని (కరిగిన సున్నం పాలు) పెంచుతాయి, కోసిన అంచులు అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్ కోరిడోరస్ మీసాలను, పొట్టను గీరేస్తాయి. ఏ రాయి మీదైనా అనుమానముంటే నిమ్మరసం పిండి చూడండి, బుడగలొస్తే పక్కన పెట్టేయండి.

తిండి లైటు తీసేశాక, రెండు మూడు చోట్ల వేయాలి. క్యాట్‌ఫిష్‌లకు రాత్రే పగలు. సక్కర్లకు తొక్క తీసిన కీర, సొరకాయ ముక్కలు పెట్టి, మిగిలింది పొద్దున్నే తీసేయండి. ఆకలిగా ఉన్న సక్కర్ గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పొర గీకుతుంది. గోల్డ్‌ఫిష్ ఒంటి పక్కల మీద గుండ్రటి పుండ్లు కనిపిస్తే ముందు సక్కర్‌నే అనుమానించాలి.

అన్ని గాయాలూ కొట్లాటవి కావని కూడా గుర్తుంచుకోండి. షార్క్ అని అమ్మే పంగాసియస్ కూడా క్యాట్‌ఫిషే, మహా పిరికిది. కరెంటు వచ్చి లైటు ఒక్కసారిగా వెలగగానే అద్దానికి గుద్దుకుని మూతి పగలగొట్టుకుంటుంది. ఒక కన్ను తెల్లబడితే దెబ్బ అయి ఉండొచ్చు. రెండూ తెల్లబడితే నీళ్లలో తేడా ఉందని అనుకోండి.

ఇక నీళ్లు. కర్నూలులో సుంకేసుల నీళ్లు, అనంతపురంలో పీఏబీఆర్ జలాశయం నీళ్లు కుళాయికి వచ్చేసరికి క్లోరిన్ కలిసి ఉంటుంది. మార్చే ముందు క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయాలి. బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు కానీ కుళాయికి తెల్లగా గార కట్టే రకం. ఆవిరైనప్పుడు నీళ్లే పోతాయి, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే మే నెలకల్లా ట్యాంకు నీళ్లు కూడా గట్టిపడతాయి. కాబట్టి తగ్గిన మట్టాన్ని ఆర్వో నీళ్లతో నింపండి, వారంవారం మార్పిడికి మాత్రం మామూలు నీళ్లు వాడండి. ఇంకో సంగతి: పీహెచ్ 8 దగ్గర నీళ్లు 25 నుంచి 32 డిగ్రీలకు పోతే చేపల వ్యర్థాలు, మిగిలిన తిండి నుంచి వచ్చే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వేసవిలో తిండి తగ్గించమనేది అందుకే.

చల్లబరచడానికి మూత కొంచెం తెరిచి, నీటి పైకి ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. సక్కర్లు బయటకు దూకకుండా పైన దోమతెర కట్టండి. ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంప్ సిద్ధంగా ఉండాలి.

దెబ్బ తగిలాక చేయాల్సింది. గాయపడిన చేపను విడిగా ఉంచడానికి ఒక 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజ్ ఫిల్టర్, ఒక పైపు ముక్క, మూత ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. స్పాంజ్‌ను నాలుగైదు వారాల ముందు నుంచే పెద్ద ట్యాంకులో నడిపితే మంచి బ్యాక్టీరియా పడుతుంది. చేపను వలతో పట్టొద్దు. రెక్కల ముల్లు వలలో చిక్కుకుని విరుగుతుంది. డబ్బాతో ముంచి తీయండి. పిక్టస్, సైనోడాంటిస్ రకాల క్యాట్‌ఫిష్‌ల ముల్లు మన వేలికి గుచ్చుకుంటే నొప్పి బాగా లాగుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలు ముంచితే తగ్గుతుంది, వాపు పెరిగితే డాక్టర్ దగ్గరికి పోవాలి.

టబ్బులో రోజూ పావు వంతు నీళ్లు మార్చడమే అసలు వైద్యం. చిన్న చీలికలు, గీతలు దీనితోనే మానిపోతాయి. అవసరమైతే కల్లుప్పు లీటరుకు ఒక గ్రాము చొప్పున, అంటే 20 లీటర్లకు సుమారు నాలుగు టీస్పూన్లు, విడిగా కరిగించి రెండు మూడు విడతల్లో కలపండి. కోరిడోరస్‌కు అంతకు మించొద్దు. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీటికి సరిపడా ఉప్పే మళ్లీ వేయాలి. ఎండి రాలిన నాటు బాదం ఆకు ఒకటి కడిగి వేసినా మంచిదే. పసుపు ముద్ద పూయడం మాత్రం మానేయండి, నీళ్లు పాడవుతాయి.

మందుల సంగతి జాగ్రత్త. క్యాట్‌ఫిష్‌లకు పొలుసులుండవు, అందుకే మలకైట్ గ్రీన్, ఫార్మలిన్, రాగి ఉన్న మందులు, పర్మాంగనేట్ వాటిని తొందరగా దెబ్బతీస్తాయి. తప్పదనుకుంటే సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి, గాలి పంపు ఆపకండి. మిథిలీన్ బ్లూ పెద్ద ట్యాంకులో పోస్తే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా దెబ్బతింటుంది, టబ్బులోనే వాడాలి. మన మెడికల్ షాపులో దొరికే టెట్రాసైక్లిన్ గోళీలు పొడి చేసి వేస్తుంటారు. గట్టి బోరు నీళ్లలోని కాల్షియం దాన్ని పట్టేసుకుని పనిచేయనివ్వదు. డబ్బులూ పోతాయి, చేపా పోతుంది.

గాయం అంచు లేతగా, రెక్క కొస దగ్గర పారదర్శకమైన పొర వస్తుంటే మానుతున్నట్టే. దూదిలా పోగులు నిలబడితే బూజు. బూడిద రంగు మచ్చ ఎర్ర అంచుతో గంటగంటకూ పాకుతుంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. వేడి నీళ్లంటే దానికి పండగ, కాబట్టి హీటర్ పెట్టమనే సలహా దీనికి పనికిరాదు. నీటిని మెల్లగా 25 డిగ్రీల వైపు దించి, చేపల వైద్యం తెలిసినవారికి చూపించండి.

పదే పదే కొట్టుకునే సక్కర్‌ను పెన్నలోనో తుంగభద్రలోనో వదిలేద్దామనుకోవద్దు. మన నీళ్లలో దాన్ని తినేవి తక్కువ, జాలర్ల వలలు చింపుతుంది. షాపుకే తిరిగివ్వండి.

మానిన చేపను తిరిగి వేసేటప్పుడు గుహలన్నీ చోటు మార్చి, లైటు తీసేశాక వదలండి. అప్పుడు పాత చేపకు కూడా తన ఇలాకా ఎక్కడో తెలియదు. మొదటి రాత్రి ఒకట్రెండు సార్లు మసక వెలుతురులో చూసి, వదలకుండా తరుముతుంటే ట్యాంకు మధ్యలో రంధ్రాలున్న అడ్డుతెర పెట్టేయండి.