కోసి పికప్ చేసిన అంబాసిడర్‌ను బాగుచేయడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొయ్యల చెరువుల దగ్గర, నిమ్మతోటల్లో, పాత రైసు మిల్లుల ఆవరణల్లో ఇలాంటి బండ్లు ఇంకా ఒకటీ అరా కనిపిస్తాయి. ముందు నుంచి చూస్తే అంబాసిడర్. పక్కకి వెళ్లి చూస్తే ముందు సీటు దాకానే కారు, అక్కణ్నుంచి వెనకంతా తొట్టి. ఒకప్పుడు ఎవరో టాపు కోసి, వెనక సీటు పీకేసి, డిక్కీ మూత తీసేసి మేత బస్తాలు వేసుకోవడానికి పికప్‌గా మార్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల కొడుకో మనవడో దాన్ని బాగుచేయించి, కాస్త సొగసుగా చేయించుకుని తిరగాలనుకుంటాడు. మంచి ఆలోచనే. కానీ నా దగ్గరకు వచ్చేసరికి చాలా బండ్లు ఇంకెక్కడో ఒకసారి బాగుచేయించినవై ఉంటాయి. పెయింటు నిగనిగలాడుతుంటుంది, సీట్లు కొత్తవి, స్టీరింగ్‌కి తోలు కవరు. తలుపు మాత్రం కింద చెయ్యిపెట్టి పైకెత్తితే గానీ మూతపడదు. పైన పటారం, లోన లొటారం. ఆ తలుపు ఎందుకు పడదో తెలుసుకోకుండా పెయింటు కొట్టినవాడు బండిని బాగుచేయలేదు, దాని జబ్బును కప్పిపెట్టాడు.

ముందు ఆర్సీ చూడండి

రెంచి పట్టుకునే ముందు ఆర్సీ పట్టుకోండి. బాడీ రకం దగ్గర పికప్ అని ఉంటే సరే. సెలూన్, అంటే మామూలు కారు, అని ఉండి బండికి తొట్టి ఉంటే, బండి రూపం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ దగ్గర చిక్కు వస్తుంది. రవాణా శాఖ ఆఫీసులో అడిగి తేల్చుకున్నాకే డబ్బు పెట్టండి. పాతకాలపు బండ్లకిచ్చే వింటేజ్ నంబరు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2021లో కేంద్రం తెచ్చిన ఆ నిబంధన 50 ఏళ్లు దాటిన బండికి, అదీ ఛాసిస్, బాడీ, ఇంజన్ మారకుండా అసలు రూపంలో ఉన్నదానికే వర్తిస్తుంది. టాపు కోసిన బండి ఆ లెక్కలోకి రాదు.

సామాను

సీఓటూ వెల్డింగ్ మెషిన్, గ్రైండర్, నాలుగు స్టాండ్లు, రెండు స్క్రూ జాకీలు, టేపు, రసమట్టం, తాపీ మేస్త్రీ వాడే తూకం గుండు, ఇంచి చదరపు పైపు రెండు నిడివులు, 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఇనప రేకు. ఇంకా ఒకే ఒక్క 8 నంబరు వెల్డింగ్ రాడ్. అది అతికించడానికి కాదు, ఎందుకో తర్వాత చెప్తాను.

గ్యాస్ వెల్డింగ్‌తో ఈ పని చేయొద్దు. మన పాత టింకర్లు గ్యాస్‌తో అద్భుతాలు చేశారు, కాదనను. కానీ ఆ మంట వేడికి పొడుగాటి రేకు అల్లాడిపోతుంది, దాన్ని మళ్లీ సుత్తితో లాగి దారికి తెచ్చే చేతులు ఇప్పుడు తక్కువ.

విప్పడం

బ్యాటరీ తీసేయండి. పెట్రోలు ట్యాంకును బండిలోంచి తీసి, షెడ్డు బయట దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అని వదిలేయకండి, నిండా ఉన్నదానికంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. సీట్లు, కింద పరిచిన మ్యాట్లు, అద్దాలు, తొట్టి అడుగు చెక్కలు, అన్నీ బయటికి. తలుపులు మాత్రం ఉంచండి.

ఇంజన్ దింపి మెకానిక్‌కి అప్పగించండి. 1489 సీసీ పాత ఇంజన్ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక్కటి మాత్రం మీరే అడిగి చేయించండి: ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు. అన్నీ కొత్తవి వేయించండి. బ్రేకులకు నాలుగు చక్రాల సిలిండర్ కిట్లు మార్చాల్సిందే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపార ఫ్యాక్టరీలో ఈ బండి తయారీ 2014 మేలో ఆగిపోయింది కాబట్టి సామాను కోసం కొంచెం తిరగాలి. విజయవాడ ఆటోనగర్‌లో దొరక్కపోతే చెన్నై పుదుపేటలో వెతకండి.

అసలు పని: తలుపుల కింది పెట్టె

ఇక్కడ నిదానించండి. మిగతా పనిలో ఎక్కడ తప్పు చేసినా మళ్లీ సరిచేసుకోవచ్చు. ఇక్కడ చేసిన తప్పు ఆ బండి ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

లారీకి కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. అంబాసిడర్‌కి అలా కాదు. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే బ్రిటిష్ కారు నుంచి వచ్చిన బండి. అడుగు రేకు, తలుపుల కింద పొడుగునా సాగే పెట్టెలు, తలుపుల పక్కన నిలువు స్తంభాలు, టాపు, అన్నీ కలిసి బరువు మోస్తాయి. మా టింకర్లు ఆ పెట్టెను రన్నింగ్ బోర్డు అంటారు. నెల్లూరు మలై కాజా కొన్నప్పుడు ఇచ్చే అట్టపెట్టెను మూతపెట్టి రెండు చేతులతో మెలితిప్పి చూడండి, తిరగదు. మూత తీసి తిప్పండి. టాపు కోసిన రోజున ఈ బండికి జరిగింది అదే. టాపు మోసే భారం అప్పటినుంచీ ఆ కింది పెట్టెల మీద పడింది. వాటిలోకేమో సముద్రపు గాలి, ఉప్పు నీరు, ఐసు కరిగి తొట్టిలోంచి కారిన రొయ్యల నీరు దిగుతూ వచ్చాయి.

సుత్తి వెనక వైపుతో పెట్టె అడుగున మెల్లగా కొడుతూ పోండి. గట్టి రేకు కణకణమంటుంది. చచ్చిన రేకు దబ్‌మంటుంది. పోయినేడాది ఒక బండికి అలా కొడితే సుత్తి లోపలికి దిగిపోయింది. బయటికి తీస్తే దాంతోపాటు తడి మట్టి, పొరలు పొరలుగా తుప్పు, ముద్దకట్టిన రొయ్యల మేత గుప్పెడు రాలాయి. దానిమీద అంతకుముందే ఎవరో రెండుసార్లు రేకు కొట్టారు. రేకు మీద రేకు వేయడం నేను ఎవరి బండికీ చేయను, మీరూ చేయనివ్వకండి. రెండు రేకుల మధ్య నీరు నిలుస్తుంది, ఉన్న కాస్త మంచి రేకునూ తినేస్తుంది.

ఇప్పుడు కొలత. బండిని తన చక్రాల మీదే నిలబెట్టి తలుపు మూయండి. 8 నంబరు రాడ్ లోపలి కమ్మీ 4 మిల్లీమీటర్లు. దాని పైపూత (మందు) లేని చివరను తలుపు చుట్టూ సందులో పెట్టి జరుపుతూ రండి. బండి నడుము జారితే తలుపు పైమూలలో రాడ్ దూరదు, కింది మూలలో వదులుగా ఆడుతుంది. ఎక్కడ దూరింది, ఎక్కడ ఆగింది చాక్‌పీసుతో బాడీ మీదే రాయండి.

తర్వాత బండిని స్టాండ్ల మీదకి ఎక్కించండి. ముందు స్టాండ్లు సస్పెన్షన్ క్రాస్ మెంబరు (అడ్డంగా ఉండే ఇనప దూలం) కింద, వెనకవి కమాను కట్టల దగ్గర యాక్సిల్ కింద. కోయబోయే పెట్టె కింద స్టాండు పెడతారు కొందరు, అది పిచ్చిపని. రసమట్టంతో అడ్డంగా, నిలువుగా మట్టం చూడండి. అడుగు రేకు మధ్యలో ఉన్న అడ్డ మెంబరు కింద చెక్క దిమ్మె, దాని కింద స్క్రూ జాకీ. జాకీని పావు తిప్పు తిప్పి ఆగి, తలుపు తీసి వేసి, రాడ్‌తో చూడండి. మళ్లీ పావు తిప్పు. నడుము లేచేకొద్దీ పై సందు తెరుచుకుంటుంది. చుట్టూ ఒకేలా రాడ్ దూరిన చోట ఆపేయండి. తొందరపడి ఎక్కువ లేపితే సందు పైన వెడల్పవుతుంది, అదీ తప్పే. ఈ ఒక్క పనికి నాకు సగం పూట పడుతుంది, పట్టనివ్వాలి.

ఆ తర్వాత బాడీ కింద ముందు వెనక నాలుగు చోట్ల తూకం గుండు వదిలి నేల మీద గుర్తులు పెట్టండి. మూల నుంచి మూలకి రెండు కొలతలు తీయండి. రెండింటి మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటితే బండి మెలి తిరిగి ఉంది. ఆ మెలి తీయకుండా ఏదీ కోయొద్దు.

కొలత కుదిరాక చదరపు పైపుతో బంధం వేయాలి. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి నడుము ఎత్తులో ఒకటి, ఏటవాలుగా ఒకటి, ఈ తలుపు పక్క నుంచి ఆ తలుపు పక్కకి అడ్డంగా రెండు. ఇక్కడే దాదాపు అందరూ ఒక పొరపాటు చేస్తారు. పైపును తలుపు కూర్చునే చోట అతికిస్తారు. ఇక తలుపు పట్టదు, పని పూర్తయ్యేదాకా కొలత చూసుకునే దారే పోతుంది. పైపును స్తంభాల లోపలి వైపు అతికించండి, బంధం ఉండగానే తలుపు పడాలి. ఈ పనిలో తలుపే మీ కొలబద్ద.

ఇప్పుడు కోత. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. పని నేర్చుకునే రోజుల్లో నేను కావలి నుంచి వచ్చిన బండికి రెండు పక్కలా ఒకేరోజు పెట్టెలు కోసేశాను. రాత్రికి అది పావు అంగుళం జారింది. ఆ సంగతి నాకు తెలియలేదు, అలాగే కొత్త పెట్టెలు అతికించాను. పెయింటు అయ్యాక తలుపు పెడితే పడలేదు. పెయింటు మొత్తం కాల్చి మళ్లీ కోయాల్సి వచ్చింది. ఆ నెల రోజుల టెన్షన్ ఎవరికీ వద్దు.

బయటి రేకు కోసి తీశాక లోపలి రేకు కనిపిస్తుంది. ముందు దాన్ని బాగుచేయండి. తుప్పు దాటి మంచి రేకు తగిలేదాకా, ఇంకో అంగుళం లోపలికి కోసి, 18 గేజి రేకు ముక్క అంచుకు అంచు కలిపి అతికించండి. పాత మోడళ్లలో ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లు, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు, వెనక్కి సాగి అడుగున ఒక అడ్డ మెంబరు దగ్గర ఆగుతాయి. ఆ చోట తుప్పు కనిపిస్తే గ్రైండర్ పక్కన పెట్టండి. ఆ బారు బండి ముందు భాగం బరువుకు మెలిపడి బిగిసి ఉంటుంది, తెలిసిన మెకానిక్ దాని బిగువు దించాకే అక్కడ చెయ్యి పెట్టాలి.

వెల్డింగ్ ఒక మూల నుంచి మొదలుపెట్టి గీత గీసినట్టు లాగొద్దు. ఒక సెంటీమీటరు చుక్క ఇక్కడ, తర్వాతది రెండో చివర, మూడోది మధ్యలో. అతికిన చోట చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే దాని పక్కది. తడిగుడ్డతో చల్లార్చకండి, రేకు ముడుచుకుంటుంది. ప్రతి పది చుక్కలకీ తలుపు మూసి రాడ్ తిప్పండి. తేడా వస్తే ఆ చివరి పది చుక్కలు కోసేస్తే సరిపోతుంది, వంద చుక్కల తర్వాత చూస్తే ఏం కోయాలో తెలియదు. పెట్టె అడుగున నీరు పోయే రంధ్రాలు ఉండాలి. వాటిని లప్పంతో మూసేసిన బండ్లు ఎన్ని చూశానో. పెయింటు అంతా అయ్యాక ఆ రంధ్రాల గుండానే లోపలికి తుప్పు పట్టనివ్వని మైనం కొట్టించండి. కాలిన ఇంజన్ ఆయిల్ పోసే అలవాటు మన దగ్గర ఉంది. తర్వాతెప్పుడో ఎవరో అక్కడ వెల్డింగ్ పెడితే మంట లేస్తుంది, పోయకండి.

క్యాబిన్ వెనక గోడ

తొంభై శాతం బండ్లకి ఈ గోడ రివెట్లు కొట్టిన ఉత్త రేకు. గుంతలో పడ్డప్పుడల్లా క్యాబిన్ పక్కకి ఊగుతుంది, ముందు అద్దం మూల నుంచి పగులుతుంది. యజమాని అద్దం మారుస్తూ పోతాడు. ఒకటిన్నర ఇంచి చదరపు పైపుతో టాపు అంచు, రెండు పక్కలు, అడుగు కలిసేలా చట్రం కట్టి స్తంభాలకు అతికించండి. ఆ చట్రం కింది మూలల నుంచి వెనక చక్రం గుమ్మటం దాకా ముక్కోణపు రేకులు వేయండి. పోయిన టాపు బలంలో కొంత అప్పుడు తిరిగొస్తుంది. బంధపు పైపులు ఇది పూర్తయ్యాకే తీయాలి.

పెయింటు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో పెయింటు పని పెట్టుకోకండి. వాన లేని రోజు కూడా గాలిలో తడి ఉంటుంది. సంక్రాంతి దాటాక చేయండి. లప్పం రెండు మిల్లీమీటర్లు దాటకూడదు. రంగు మీ ఇష్టం అంటారు గానీ, ఈ బండికి మీగడ రంగు తప్ప ఇంకేదీ నప్పదు. మెటాలిక్ రంగులు కొట్టిస్తే ఆ గుండ్రటి బానెట్ అందం పోతుంది.

తొట్టి

14 గేజి రేకు అడుగు, దాని మీద చెక్క పట్టీలు, పట్టీల మధ్య అర ఇంచి సందు. అల్యూమినియం గళ్ల రేకు మెరుస్తుందని అందరూ అదే వేయిస్తున్నారు. ఇనుము మీద అల్యూమినియం నేరుగా ఆని మధ్యలో ఉప్పు నీరు చేరితే రెండింటిలో ఒకటి కరిగిపోతుంది. వేయాల్సిందే అనుకుంటే మధ్యలో రబ్బరు పరవండి. చెక్క అయితే పైపుతో నీళ్లు కొడితే చాలు, ఎండలో ఆరుతుంది, ఒక పట్టీ పాడైతే ఆ ఒక్కటే మారుతుంది. వెనక తలుపుకు గొళ్లెం, రెండు గొలుసులు. పట్టా కట్టుకోవడానికి కొక్కేలు బయటివైపు. వెనక కమాను కట్టకు ఒక్క ఆకు అదనంగా వేయించండి, రెండు వద్దు. ఎంత వేసినా అది కారు యాక్సిలే, టన్ను మోయదు.

తొట్టి బిగించిన మర్నాడు 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది వేసి, గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. బస్తాలు దించకుండానే తలుపు మూసి అదే 8 నంబరు రాడ్ తీసి చుట్టూ తిప్పండి. బంధం వేసిన రోజు ఎంత తేలిగ్గా దూరిందో ఇప్పుడూ పై మూలలో అంతే తేలిగ్గా దూరాలి. దూరకపోతే బస్తాలు దించి, బండిని మళ్లీ స్టాండ్ల మీదకి ఎక్కించండి.